మ్యానస్‌కు కుట్టిన ఎనిమిది గజాలు

మ్యానస్ పోయాడన్న కబురు నాకు మొదట చెప్పింది బ్రిజిడ్. మా వీధి చివర కిరాణా కొట్టు ఆమెది. కరోనా మొదలైన ఆ వసంతకాలంలో ఊరంతా తలుపులు మూసుకుంటే ఆ కొట్టు ఒక్కటే తెరిచి ఉండేది. లోపల ఉన్నవాళ్లు బయటికొచ్చాకే బయటివాళ్లు లోపలికెళ్లాలి. నేను పాల కోసం వెళ్లాను. గల్లాపెట్టె ముందు కట్టిన ప్లాస్టిక్ తెర వెనక నుంచి ఆమె, "షీలా, మ్యానస్ సంగతి విన్నావా?" అంది. ఆ అడిగిన తీరుకే నాకు అర్థమైపోయింది.

నా పేరు సుశీల. ఈ ఐరిష్ ఊరికి, లెటర్‌కెన్నీకి, వచ్చిన కొత్తలోనే వీళ్ల నోట షీలా అయ్యాను. మావారు ఈ ఊరి ఆస్పత్రిలో డాక్టరు. ఆ కబురు ఆయనకు ముందురోజే తెలుసు. ఆ రాత్రి ఇంటికొచ్చి, గరాజ్‌లోనే బట్టలు మార్చుకుని, స్నానం చేసి, పెరుగన్నం తిని పడుకున్నారు. నేను పాలు పట్టుకుని తిరిగొచ్చి, "ఏమండీ, మ్యానస్..." అనబోతే, "నన్ను అడక్కు సుశీలా. వార్డు సంగతులు ఇంట్లో చెప్పకూడదు" అన్నారు. ఆపైన, "ఆయన కిల్ట్ నీ దగ్గరే ఉందిగా?" అని మాత్రం అడిగారు.

ఉంది. మగవాళ్లు నడుముకు కట్టుకునే ఆ కుచ్చిళ్ల గళ్ల బట్ట ముందు గదిలో, నా కుట్టు బల్ల పక్కన, చెక్క హ్యాంగరుకు వేలాడుతూ ఉంది.

ఈ మధ్య మన తెలుగు అమ్మాయిలిద్దరు నా దగ్గరికొచ్చి, "ఆంటీ, ఈ కిల్ట్ కుట్టే పని మాకూ నేర్పండి" అన్నారు. కళ్లు సరిగా కనపడక నేను సూది పక్కన పెట్టేశాను. చేతులతో నేర్పలేనిది రాసైనా ఇద్దామని కూర్చున్నాను. ఏ కుట్టు ఎక్కడ వెయ్యాలో ఎవరైనా నేర్పుతారు. ఈ పని ఎలాంటిదో, ఎవరి కోసమో చెప్పాలంటే మ్యానస్ సంగతే చెప్పాలి.

ఈ పని నన్నెలా చేరింది

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఎడమ కాల్ని చచ్చుబరిచి పోయింది. నాన్నగారే ఇంట్లో అక్షరాలు దిద్దించారు, లెక్కలు చెప్పారు, భాగవతం చదివించారు. మేనత్త కుట్టుపని నేర్పింది. మిషను తొక్కడానికి కాలు సహకరించక చేతికుట్టే నేర్చుకున్నాను. ఊళ్లో అందరూ మిషను కుట్లకు మళ్లిపోతున్న కాలంలో చేతికుట్టు ఎందుకు పనికొస్తుందని అమ్మ దిగులు పడేది. ఆ దిగులుకు జవాబు ఇంత దూరంలో, ఇంత చలిలో దొరుకుతుందని ఎవరనుకున్నారు? అసలైన కిల్ట్‌ను చేత్తోనే కుట్టాలి. ఆ కుంటికాలికి కూడా నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

ఇక్కడ కిల్ట్ ఏమిటని అడగొచ్చు. అది స్కాట్లాండ్ వేషమే. కానీ సముద్రానికి ఇవతల, మా డోనెగల్ జిల్లా జనం తరాలుగా అక్కడికి కూలికి వెళ్లినవాళ్లు, అక్కడ పెళ్లాడినవాళ్లు, అక్కడ పుట్టి తిరిగొచ్చినవాళ్లు. పల్లెకొక డప్పూ సన్నాయీ బ్యాండు ఉంటుంది, వాళ్లంతా కిల్ట్‌లే కడతారు. నేను పనిచేసిన మార్గరెట్ కుట్టు కొట్టుకు పని తక్కువ ఉండేది కాదు.

మార్గరెట్

నాకు పనిచ్చిన మనిషి మార్గరెట్. పొట్టి మనిషి, నోరు పెద్దది. మొదటి రోజు నా చేత ఒక మడత కుట్టించి, అద్దాలు పైకెత్తి చూసి, "ఇది ఎవరు నేర్పారు?" అంది. మా మేనత్త, ఇప్పుడు లేదు అన్నాను. "ఆమె బతికుంటే ఆమెకే ఉద్యోగం ఇచ్చేదాన్ని. లేదు కాబట్టి నువ్వు రా" అంది. అంతకు మించిన మెచ్చుకోలు ఆమె నోట నేను మళ్లీ వినలేదు.

సాయంత్రం బస్సు టైమయ్యేసరికి తొందరలో నా కుట్లు పొడుగయ్యేవి. వెనక నుంచి ఆమె గొంతు వినిపించేది: "షీలా, ఇది మనిషి నడుముకు కుడుతున్నావా, బస్సుకు కుడుతున్నావా?" విప్పించి మళ్లీ కుట్టించేది. బస్సు వెళ్లిపోయేది. ఆమే కారులో దింపేది, దారంతా తిడుతూ.

మా ఇద్దరికీ ఏళ్ల తరబడి తేలని తగాదా ఒకటుంది. కిల్ట్‌కు దాదాపు ఎనిమిది గజాల ఉన్ని బట్ట పడుతుంది. మిల్లు నుంచి నాలుగు గజాల పొడుగు, రెట్టింపు పన్నా ఉన్న బట్ట వస్తుంది. దాన్ని నిలువునా రెండుగా చీల్చి, రెండు ముక్కల్నీ కొసకు కొస కలిపితే ఎనిమిది గజాలు. ముందువైపు రెండు పొరలు మడతల్లేకుండా ఒకదాని మీద ఒకటి వస్తాయి. మిగిలినదంతా వెనక కుచ్చిళ్లే. నడుము దగ్గర ఆ కుచ్చిళ్ల లోపలి బట్ట దొంతరగా పేరుకుని లావుగా కనిపిస్తుంది. అందుకని చాలామంది ఆ లోపలి బట్టను కత్తిరించి పారేస్తారు. నడుము పల్చగా, చూడముచ్చటగా వస్తుంది. నేనూ అలాగే చేద్దామనేదాన్ని. మార్గరెట్ ఒప్పుకునేది కాదు.

"బట్ట ఎవరిది?"

"కొన్నవాళ్లది."

"మరి నీ కత్తెరకేం పని? రేపు అతను లావెక్కుతాడు, ఎల్లుండి కొడుక్కిస్తాడు, ఆపైన మనవడికిస్తాడు. విప్పితే వచ్చింది వచ్చినట్టు ఉండాలి. కనపడకుండా మడిచి కుట్టడం చేతకాకపోతే చెప్పు, నేను కుడతాను."

అది మొండితనం అనుకునేదాన్ని. చెయ్యి నొప్పి పుట్టేది, పని రెట్టింపయ్యేది. ఇప్పటికీ చెబుతున్నాను, అందరికీ అలా కుట్టక్కర్లేదు. కానీ ఆమె కొట్టులో ఆమె మాటే చెల్లింది. కరోనా రాకముందే ఆమె కన్నుమూసింది. ఊరంతా వరసలో నిలబడి ఆమెను చూసి వెళ్లారు. ఆ భాగ్యం ఎంతటిదో అప్పుడు తెలియలేదు.

ఏది ముందు, ఏది తర్వాత

కిల్ట్ వేషమంటే ఒక్క కిల్టే కాదు. పొడుగు మేజోళ్లు, ముందు వేలాడే తోలుసంచి, బూట్లు, పొట్టి కోటు, పిన్ను. దాన్ని మీరు కుట్టడమే కాదు, ఎలా సమకూర్చుకోవాలో కూడా చెప్పాల్సి ఉంటుంది. వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో పెద్దగా ఏమీ లేనివాళ్లే.

లీక్స్‌లిప్ అనే ఊళ్లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజినీరు, మన తెలుగు కుర్రాడు శ్రీకాంత్ ఒకసారి ఇంత దూరం కారు నడుపుకుని వచ్చాడు. స్నేహితుడి పెళ్లి స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బరోలో. ఇంటర్నెట్టులో మొత్తం వేషం ఒకే పెట్టెలో చవగ్గా వస్తుంటే తెప్పించుకున్నాడు. వెనక గదిలోకెళ్లి కట్టుకొచ్చాడు. మార్గరెట్ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. కుచ్చిళ్లన్నీ ముందుకు పెట్టుకుని నిలబడ్డాడు మహానుభావుడు.

"ఇటు తిప్పు నాయనా, కుచ్చిళ్లు వెనక్కి" అన్నాను.

"అదేంటి ఆంటీ, పంచెకి కుచ్చిళ్లు ముందే కదా? మా బాబాయి పెళ్లిలో కట్టారుగా నాకు."

"మీ బాబాయి పెళ్లి ఇక్కడ జరగలేదు."

తిప్పి కట్టాక కూడా లాభం లేకపోయింది. ఉన్ని కాదది, ఏదో ప్లాస్టిక్ నూలు. కుచ్చు నిలవదు. సంచికున్న బొచ్చు చేతికొస్తోంది. "ఇందులో ఏదైనా బాగుందా ఆంటీ?" అని దిగులుగా అడిగాడు. పిన్ను బాగుందని చెప్పాను. పాపం, నవ్వాడు. ఆ పెళ్లికి మేము అద్దెకిచ్చిన కిల్ట్‌తో వెళ్లాడు.

కాబట్టి ఒకేసారి కొనేవాళ్లను ఆపండి. ముందు కిల్ట్. ఉన్నదంతా దాని మీదే పెట్టమనండి. మంచి ఉన్ని, మనిషి కొలతకు, చేతికుట్టు. దాని మీదికి ఇంట్లో ఉన్న నల్ల బూట్లు, మామూలు స్వెటరు వేసుకుంటే ఎవరూ నవ్వరు. నవ్వితే నవ్వనివ్వండి. తర్వాత ఉన్ని మేజోళ్లు, ఇంట్లో అల్లేవాళ్లుంటే కొననే అక్కర్లేదు. ఆ తర్వాత సాదా తోలుసంచి. బొచ్చుదీ వెండి పనిదీ వద్దు, సాదాది పగటికీ రాత్రికీ పనికొస్తుంది. బూట్లు తర్వాత. కోటు అన్నిటికంటే చివర. ధర్మానికిచ్చిన బట్టలమ్మే కొట్లలో వెతికితే దొరుకుతుంది, చేతులు పొట్టి చేసి ఇవ్వడం మన పని. పిన్నును ముందువైపు పై పొరకు మాత్రమే గుచ్చాలి. రెండు పొరలూ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు బట్ట చిరుగుతుంది.

పొడవు చూడాలంటే మనిషిని మోకాళ్ల మీద నిలబెట్టండి. అంచు నేలకు తగిలీ తగలనట్టు ఉండాలి. ఊళ్లో పెద్ద పెద్ద వాళ్లందరినీ నా ముందు మోకరిల్లబెట్టిన పని ఇది. అది చూసి గర్వం రాకుండా దేవుడు నన్ను కాపాడాడు. వాళ్లు మోకాళ్ల మీద ఉన్నప్పుడు నేను నేల మీదే కూర్చుని ఉండేదాన్ని.

మ్యానస్

మ్యానస్ ఊళ్లో చెత్త లారీ నడిపేవాడు. భారీ మనిషి. బ్యాండులో పెద్ద డోలు వాయించేవాడు. బ్యాండు వాళ్లకు కిల్ట్ ఉంటుంది, కానీ అది బ్యాండుది. ఊరేగింపు అయ్యాక విప్పి తిరిగిచ్చేయాలి.

"మార్గరెట్, ఇన్నేళ్లుగా అరువు బట్ట కట్టి విసుగొచ్చింది. నాదంటూ ఒకటి కావాలి. ఒకేసారి అంతా కొనలేను, కొంచెం కొంచెంగా కొంటాను. ఎక్కడ మొదలెట్టను?"

"నడుము దగ్గర" అంది మార్గరెట్. "అదెక్కడుందో ముందు వెతకాలి."

అతనికంటే గట్టిగా నవ్వినవాళ్లు లేరు. వాళ్లమ్మ గ్లాస్గోలో పుట్టింది. స్కాట్లాండ్‌లో ఇంటిపేరుకొక గళ్ల నమూనా ఉంటుంది. ఆ వైపు తాతగారి ముదురాకుపచ్చ, నీలం గళ్ల బట్టే ఎంచుకున్నాడు. ఆ కిల్ట్ మొత్తం నేనే కుట్టాను, మార్గరెట్ చెప్పినట్టే, కత్తెర పెట్టకుండా. తీసుకెళ్లిన రోజున పని బూట్ల మీదే కట్టుకుని నడిరోడ్డున నడుచుకుంటూ పోయాడు. వానలో, మ్యాచులకు, చర్చికి, కూరగాయల కొట్టుకు, అన్ని చోట్లకూ అదే. కట్టుకోకుండా దాచుకునే వాళ్లంటే నాకు విసుగు. అతనంటే అందుకే ఇష్టం.

ఏటా ఒకటి చొప్పున మిగిలినవి చేరాయి. భార్య నోరీన్ మేజోళ్లు అల్లింది. గుర్రాల జీన్లు కుట్టే అతని చేత తోలుసంచి చేయించుకున్నాడు. మేనమామ పోయినప్పుడు ఆయన బూట్లు ఇతనికి సరిపోయాయి. కోటు ఒక్కటి మిగిలింది. కూతురు ఓర్లా దూరాన గాల్వే ఊళ్లో ఉద్యోగం చేసేది. ఆమెకు పెళ్లి కుదిరాక, ధర్మం కొట్లో ఒక నల్ల కోటు దొరికిందని పసిపిల్లాడిలా పట్టుకొచ్చాడు. చేతులు పొట్టి చేసి ఇచ్చాను. ఆ పెళ్లిరోజున మొదటిసారి తల నుంచి కాలి దాకా తనవే బట్టలతో నిలబడాలన్నది అతని కోరిక. షుగరు అని డాక్టరు చెప్పడంతో తిండి తగ్గించి చిక్కిపోయాడు. కిల్ట్ పట్టీలు జరపాలని మార్చి నెలలో నా దగ్గర వదిలి వెళ్లాడు.

వెళ్తూ నోరీన్‌తో నా ముందే అన్నాడు. "పెళ్లికి దీన్లో నిలబెట్టండి, చచ్చాక దీన్లోనే పడుకోబెట్టండి. మధ్యలో ఉతకడానికి మాత్రం తీసుకోకండి."

"నోర్ముయ్యి" అంది నోరీన్. "సరేలే, మాటిస్తున్నా. పద, పార్కింగ్ టైమైపోయింది."

ఆ తర్వాత ఊరు మూతపడింది. పెళ్లి వాయిదా పడింది. మ్యానస్‌కు జ్వరం వచ్చింది.

కిటికీకి అవతల నోరీన్

వాళ్లిల్లు మాకు దగ్గరే, నడిచి వెళ్లడానికి అనుమతి ఉన్న దూరంలోనే. నోరీన్‌కు కూడా జబ్బు సోకింది. ఇల్లు కదలకూడదు. అంటే భర్త అంత్యక్రియలకు కూడా వెళ్లకూడదు. గాల్వేలో ఓర్లాకు దగ్గు, ఆమె కూడా గది దాటకూడదు. నేను వాకిట్లో నిలబడ్డాను. నోరీన్ కిటికీ అద్దానికి అవతల కుర్చీలో కూర్చుంది. ఒకరినొకరు చూసుకుంటూ ఫోనులో మాట్లాడుకున్నాం.

వీళ్ల ఆచారంలో పోయినవాళ్లను ఇంటికి తెచ్చి, మంచి బట్టలు తొడిగి, తెరిచిన పెట్టెలో పడుకోబెడతారు. రెండు రాత్రులు ఊరంతా వచ్చి కూర్చుంటుంది. టీలు తాగుతారు, కథలు చెప్పుకుంటారు. ఆ రోజుల్లో అదంతా ఆగిపోయింది. సంచిలో పెట్టి జిప్పు లాగాక మళ్లీ తెరవడం లేదు. బట్టలు తొడగడం లేదు.

"మాటిచ్చాను షీలా" అంది. దగ్గు ఆగాక మళ్లీ, "అంత్యక్రియల వాళ్ల దగ్గర ప్యాకీ అని ఒకడున్నాడు. ఫోన్ చేశాడు. తొడగడం కుదరదట. పెట్టె మూసే ముందు పైన ఒకటి పెట్టగలడట. కిల్ట్‌ను మడిచి గుండె మీద పెడతానన్నాడు" అంది.

"పెట్టనీ మరి."

"పోస్టులో పార్సిల్ పంపినట్టా? ఒంటి మీద తనది ఏదీ లేకుండా, మనిషొక సంచి, బట్టొక మూట. అలా పడుకోబెడతానని మాటిచ్చానా నేను?"

రాముణ్ణి తలుచుకుంటూ ఆ తడి గడ్డిలోనే నిలబడ్డాను. మావైపు మనిషి పోతే కుట్టు లేని బట్ట కప్పుతాం. నిండా, ఒకటే బట్ట. కుట్టు లేని బట్ట అన్న మాట మనసులోకి రాగానే మిగిలింది చేతులకే తోచింది. ఆ కిల్ట్‌లో కత్తెరకు పోయింది ఏమీ లేదు. విప్పి, చీల్చిన అంచుల్ని మళ్లీ కలిపితే మిల్లు నుంచి ఎలా వచ్చిందో అలా అవుతుంది. నాలుగు గజాల పొడుగు, నిండు పన్నా. ఎంత భారీ మనిషికైనా తల నుంచి కాలి దాకా కప్పి, పక్కలకు దోపడానికి సరిపోతుంది.

చెప్పాను. నోరీన్ ఓర్లాను కూడా ఫోనులో కలిపింది.

"విప్పితే ఇంక కిల్ట్ ఉండదు కదా?" అంది ఓర్లా.

"ఉండదు."

"మళ్లీ కుట్టలేరా?"

"మట్టిలోకి వెళ్లిందాన్ని ఎలా కుట్టనమ్మా?"

"అయితే నాకేం మిగిలినట్టు? ఆయన్ను తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది అదే. నన్ను బడి దగ్గర దింపడానికి కూడా అదే కట్టుకొచ్చేవాడు. సిగ్గుతో చచ్చేదాన్ని."

"కోటుంది, బూట్లున్నాయి, నేనల్లిన మేజోళ్లున్నాయి" అంది నోరీన్.

"ఆ కోటు ఆయన ఒక్కసారైనా తొడుక్కోలేదు మమ్మీ. దాన్నేం చేసుకోను?"

నేను ఫోను పెట్టేసి వెళ్లిపోదామా అనుకున్నాను. తల్లీకూతుళ్ల మధ్య బయటిదాన్ని. కానీ ఆ కిల్ట్ నా దగ్గరుంది, పెట్టె మర్నాడు సాయంత్రం మూస్తారు.

"మమ్మీ, మాటిచ్చింది నువ్వు, నేను కాదు" అంది ఓర్లా చివరికి. "నాకు ఇష్టం లేదు. ఇష్టం లేదని చెప్పే హక్కయినా ఉండాలిగా నాకు. చెప్పాను. ఇక విప్పమను."

ఇలాంటి చోట దర్జీ ఏమనాలో ఎవరూ నేర్పరు. ఏమీ అనకపోవడమే మంచిది. నేను సరేనన్నాను.

విప్పడం

మర్నాడు పొద్దున్నే దీపం పెట్టుకుని, ముందు గది కిటికీ దగ్గర కూర్చున్నాను. పట్టీలు ఊడదీశాను. లోపలి అస్తరు విప్పాను. దాని కింద గట్టి కాన్వాసు. ఆ కాన్వాసు కింద, నడుము మూలన, పసుపు చుక్క ఉంది.

అది నేను పెట్టిందే. కొత్తబట్టకు పసుపు పెట్టకుండా మనిషికివ్వడం నాకు చేతకాదు. చేరిన కొత్తలో ఒకసారి తెల్ల అస్తరు మీద పెడితే మరక పడి, మార్గరెట్ పట్టేసుకుంది. ఏమిటిదని అడిగింది. కట్టుకునేవాళ్లు చల్లగా ఉండాలని పెడతామన్నాను. అస్తరు మార్పించింది. మార్చి కుట్టాక, "ఈసారి కాన్వాసు కింద పెట్టు. అక్కడ దేవుడొక్కడే చూస్తాడు" అంది. అప్పటి నుంచి ప్రతి కిల్ట్‌కూ అక్కడే పెట్టాను.

చల్లగా ఉండాలని పెట్టిన పసుపు. దాన్ని చూసి నా చేతులాగిపోయాయి. శుభానికి పెట్టిన గుర్తుతో శవాన్ని కప్పొచ్చా? మనవైపు ఎవర్నీ అడిగే వీల్లేదు. మావారు డ్యూటీలో ఉన్నారు. నోరీన్‌కే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఉతికేయనా?"

"అది దీవెనేనా?"

"దీవెనే."

"ఇన్నేళ్లూ అతని నడుము దగ్గరుందా?"

"ఉంది."

"అయితే ఉండనీ" అంది.

కుచ్చిళ్లు ఒక్కొక్కటే విప్పుతూ వెళ్లాను. గట్టిగా కుట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. బట్ట తెరుచుకున్న కొద్దీ ఒకటి కనిపించింది. ఏళ్లతరబడి ఎండకూ వానకూ బయట ఉన్న చారలు వెలిసి బూడిద రంగుకు తిరిగాయి. కుచ్చు లోపల దాగినవి కొట్టులో కొన్న రోజున ఎలా ఉన్నాయో అలాగే, పచ్చగా నీలంగా ఉన్నాయి. వెలిసిన చార, కొత్త చార, మళ్లీ వెలిసిన చార. బతికినదీ బతకాల్సినదీ పక్కపక్కన పరిచినట్టుంది. ఏడ్చాను. తుడుచుకుని మళ్లీ సూది పట్టాను. నిలువు అంచుల్ని పొడుగునా చేతికుట్టుతో కలిపాను. తడిబట్ట వేసి ఇస్త్రీ చేశాను. మడత గీతలు పూర్తిగా పోలేదు. పోకపోవడమే న్యాయం.

మీకు నేను చెప్పేది ఇదే. కుట్టడం వస్తే సగం పనే వచ్చినట్టు. మీ చేత్తో కుట్టినదాన్ని మీ చేత్తోనే విప్పాల్సిన రోజొకటి వస్తుంది. అప్పుడు బట్టకు నొప్పి కలగకుండా విప్పేలా ముందే కుట్టండి. మార్గరెట్ మొండితనమనుకున్నది అదే.

ప్యాకీ

మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి మావారే కారులో తీసుకెళ్లారు. అంత్యక్రియల ఇంటి వెనక గేటు దగ్గర ప్యాకీ నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి. మాస్కు పైన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ వారం ఎన్నిసార్లు ఈ పని చేశాడో నేను అడగలేదు. బట్టను గోడ మీద పెట్టి వెనక్కి జరిగాను. అతను వచ్చి తీసుకున్నాడు. బరువుకు ఆశ్చర్యపోయాడు.

"ఏ వైపు పైకి?" అన్నాడు.

చెప్పాను. వెలిసిన చారలు బాగా కనిపించే వైపు పైకి. అదే అతను కట్టుకున్న వైపు.

"తల దగ్గర ఏ అంచు?"

ఆ మాటకు నాకు కొంచెం ఊపిరొచ్చింది. చెప్పాను. పాదాల కింద దోపమన్నాను. "చలికి పిల్లలకు దోపినట్టు" అన్నాను. ఇంగ్లీషు సరిగా వచ్చిందో లేదో. అతను తలూపాడు. "గ్రాండ్, అలాగే. ఆమెతో చెప్పండి, తొందరపడను" అన్నాడు. బట్టను రెండు చేతుల మీద పరుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం అతనే నోరీన్‌కు ఫోన్ చేశాడు. ఎలా కప్పాడో, ఎక్కడెక్కడ దోపాడో, అంచు ఎంతవరకు వచ్చిందో అన్నీ చెప్పాడట. నోరీన్ ఒక మాట రెండుసార్లు అడిగితే రెండుసార్లూ చెప్పాడట. మర్నాడు శవపేటిక కారు ఊరి దారమ్మట మెల్లిగా వెళ్లింది. జనం ఎవరి గేటు దగ్గర వాళ్లు నిలబడ్డారు. బ్యాండు వాళ్లు కూడా. ఎవరూ వాయించలేదు. శ్మశానంలో అతని తమ్ముడూ, కొద్దిమంది దగ్గరివాళ్లూ మాత్రం ఉన్నారు. నోరీన్ కిటికీలోంచి కారు వెళ్లడం చూసింది. ఓర్లా ఫోనులో చూసింది.

ఆ ఏడాది చివర్లో, మనుషులు మళ్లీ కొద్దికొద్దిగా కలుసుకుంటున్నప్పుడు, ఎవరో నోరీన్ చెవిన వేశారు. ఆ రోజుల్లో పెట్టెల్లో పెడతామన్నవేవీ నిజంగా పెట్టలేదట, భయంతో పక్కన పడేశారట. ఎవరి గురించో, ఏ ఊరి గురించో తెలియని మాట. కానీ అది ఆమెను తినేసింది. మా వాకిట్లోకొచ్చి నిలబడి, "నువ్వు చూశావా షీలా?" అంది.

"లేదు."

"నేనూ చూడలేదు. ఓర్లా చూడలేదు. మరి ఎలా నమ్మను?"

అంచు గురించి అతనడిగిన ప్రశ్న చెప్పాను. పడేసేవాడు తల దగ్గర ఏ అంచు అని అడగడన్నాను. ఆమె విన్నది. నమ్మిందో లేదో చెప్పలేను. కొన్ని రోజులు నమ్మేది, కొన్ని రోజులు నమ్మేది కాదు. నాకూ అంతే. దేవుడి ముందు కూర్చున్నప్పుడు నమ్ముతాను, బ్రిజిడ్ కొట్టులో వరసలో నిలబడ్డప్పుడు సందేహం వస్తుంది. ఇంతకంటే నికరమైన మాట మీకివ్వలేను.

ఆ చలికాలంలో ప్యాకీని వెతుక్కుంటూ వెళ్లాను, ఒక్కసారి కృతజ్ఞత చెబుదామని. ఆ పని మానేశాడన్నారు. నిద్ర పట్టడం లేదన్నాడట. ఎక్కడికెళ్లాడో వాళ్లకూ తెలియదు.

ఊరంతా కూర్చోవాల్సిన చోట, రెండు రాత్రులు జనం నిండాల్సిన గదిలో, ఆ మధ్యాహ్నం మ్యానస్ దగ్గర ఉన్నది అతనొక్కడే. తొందరపడనన్నాడు. తొందరపడలేదనే నేను నమ్మదలుచుకున్నాను. ఇది చదివినవాళ్లు మీ ఇంట్లో దీపం పెట్టినప్పుడో, మీ నమ్మకం ఏదైతే దాని ముందు తల వంచినప్పుడో, ప్యాకీని ఒక్కసారి తలుచుకోండి.